ఏడో ఊరి ఉలవలు

ముప్పై ఏళ్లు ల్యాబులో మాంసకృత్తులు కొలిచానని మా బంధువులంతా అనుకుంటారు. రిటైరైన రోజు సన్మానంలో కూడా ఎవరో మైకులో అదే అన్నారు. నిజానికి నేను ఒక్కరోజు కూడా మాంసకృత్తులు కొలవలేదు. నేను కొలిచింది నత్రజని.

కొత్తగా ల్యాబు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు ఈ తేడా పుస్తకంలో ఒక్క వాక్యంగా కనబడుతుంది. పరీక్షలో ఆ వాక్యం రాసి మార్కులు తెచ్చుకుంటారు. గింజను పొడి చేసి, గాఢమైన యాసిడ్‌లో గంటల తరబడి మరిగించి, అందులోంచి వచ్చే నత్రజనిని కొలిచి, ఆ అంకెను ఆరుంపావుతో హెచ్చిస్తాం. వచ్చినదాన్ని మాంసకృత్తులు అని రిజిస్టరులో రాస్తాం. గింజలో ఉన్న నత్రజని దాదాపు అంతా మాంసకృత్తుల్లోదే కాబట్టి ఈ లెక్క సరిపోతుంది. సరిపోని రోజు ఒకటి నాకు ఎదురైంది. ఆ రోజు గురించే ఇదంతా.

కొత్త శతాబ్దం మొదలై రెండు మూడేళ్లయి ఉంటుంది. అనంతపురం జిల్లాలో కరువు. మా పరిశోధన కేంద్రంలో అప్పట్లో అందరూ శెనక్కాయ మనుషులే. ఏ గదిలోకి వెళ్లినా శెనక్కాయే, ఏ బోర్డు మీద చూసినా శెనక్కాయే. ఒక్క మా సారు మాత్రం ఉలవల మీద పనిచేసేవారు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. జూన్‌లో వాన ఎగ్గొట్టి శెనక్కాయ పోయినా, సెప్టెంబరులో ఒక్క పదును దొరికితే చల్లుకునే పంట ఉలవ ఒక్కటేనని ఇక్కడికొచ్చిన మొదటి ఏడాదే ఆయన కనిపెట్టారు. మన రైతులకు అది ఎప్పటినుంచో తెలిసిన సంగతే. కాగితాల మీదకు తేవాలని పట్టుబట్టింది మాత్రం ఆయనే. దానికి ఫలితంగా తోటి శాస్త్రవేత్తలు ఆయనకు ‘గుర్రాల డాక్టరు’ అని పేరు పెట్టారు. క్యాంటీన్‌లో ఆయన టీ తాగుతుంటే, “సారుకు దాణా పెట్టండప్పా” అని వెనకనుంచి ఎవరో అనేవాళ్లు. ఆయన వినబడనట్టు గ్లాసులోకి చూస్తూ ఉండేవారు.

ల్యాబులో ఆయన కింద మేం ఇద్దరం. టెక్నీషియన్‌గా నేను, అటెండరుగా ఒక పెద్దాయన. గాజుసామాను కడగడం, గింజలు విసరడం, స్టౌలు చూడడం ఆయన పని. చదివింది ఐదో తరగతి. కానీ మేము చేసే ప్రతి పరీక్షా చూసి చూసి, రంగు మారకముందే “ఇంగ రెండు చుక్కలు, అంతే” అనగలిగేవాడు. నేను ఆయన్ని అన్నా అని పిలిచేదాన్ని.

ఆ ఏడాది సారుకు ఒక అవకాశం వచ్చింది. కరువు మండలాల్లో చిన్నపిల్లల కేంద్రాల్లో పెట్టే తిండిలో ఉలవలు చేర్చవచ్చా అని జిల్లా అధికారులు అడిగారు. మంచి విత్తనం ఏదో కూడా చెప్పమన్నారు. ఏడు ఊళ్ల నుంచి నమూనాలు తెచ్చి పరీక్ష చేసి, ఒక సోమవారం జరగబోయే సమావేశంలో సారు చెప్పాలి. నమూనాలు తెచ్చే పని నాది.

గార్లదిన్నె వైపు నాలుగు ఊళ్లు, ఉరవకొండ వైపు మూడు. ఏడు గుడ్డ సంచులు కుట్టించుకుని బయలుదేరాను. నాలుగో ఊళ్లో ఒక రైతు దగ్గర ఎర్రవీ నల్లవీ రెండు రకాలున్నాయి. రెండూ తీసుకున్నాను. అలా ఒక సంచి ఎక్కువ ఖర్చయింది. ఏడో ఊరికి చేరేసరికి నా చేతిలో సంచి లేదు.

ఉరవకొండ నుంచి లోపలికి పోయే ఒంటి బస్సు ఊరు అది. అక్కడొక ఆమె దగ్గర మంచి నల్ల ఉలవలున్నాయని విని వెళ్లాను. నలభై ఐదేళ్లుంటాయి. భర్త గొర్రెల వెంట పోతే సేద్యమంతా ఆమే చూసుకునేది. మట్టి కడవలో బూడిద కలిపి దాచిన ఉలవల్ని చాటలోకి వంచి, చెరిగి, రెండు కిలోల దాకా కుప్ప పోసింది. నిగనిగలాడే నలుపు. అంత కరువులో ఆ గింజల మెరుపు చూస్తే ముచ్చటేసింది.

బస్సు హారను వినబడింది. అది పోతే మళ్లీ మరుసటి రోజే. కంప మీద ఒక ప్లాస్టిక్ సంచి ఆరేసి ఉంది. నేనే పోయి దాన్ని లాగి రెండుసార్లు దులిపాను.

“అది యూరియా సంచమ్మా. ఉండు, పాతచీర పేలిక ఇస్తా” అందామె.

“ఏమీ కాదులే అక్కా, దులిపినా కదా. బస్సు పోతాది.”

“నీ ఇష్టం తల్లీ. సదువుకున్నోళ్లకు నేను చెప్పేదేముండాది.”

మీలో తెలివైనవాళ్లకు ఇక్కడే సంగతి అర్థమై ఉంటుంది. నాకు అర్థం కావడానికి మూడు వారాలు పట్టింది.

బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. కండక్టరు సంచిని టాపు మీద వేయించాడు. ఉరవకొండ దాటామో లేదో, వాన పడింది. ఆ ఏడాది కురవాల్సినప్పుడు కురవని వాన, పంట ఇళ్లకు చేరాక తీరిగ్గా వచ్చింది. సన్నటి జల్లు, అరగంట. అయినా సరే, బస్సులో ఆడవాళ్లు కిటికీల్లోంచి చేతులు బయటకు చాపారు. ఒక ముసలాయన తలకు చుట్టిన తువ్వాలు విప్పి తడుపుకుని మొహం తుడుచుకున్నాడు. నేనూ చేయి చాపాను. టాపు మీద నా ఉలవలు కూడా తడుస్తున్నాయని తట్టింది గానీ, ఎండలో వేస్తే ఆరిపోతాయిలే అనుకున్నాను. మర్నాడు ల్యాబు మిద్దె మీద పేపర్లు పరిచి రెండు రోజులు ఎండబెట్టాను. గింజల మీద అక్కడక్కడా తెల్లటి పొడ కనబడింది. కడవలో బూడిద కదా అనుకుని పొడిగుడ్డతో తుడిచి డబ్బాలో పోశాను. నమూనాలను మేం నీళ్లతో కడగం. కడిగితే లవణాలు పోతాయని భయం.

ఆరు ఊళ్ల ఉలవలూ పుస్తకంలో రాసినట్టే వచ్చాయి. నూరు గ్రాములకు ఇరవై రెండు గ్రాముల మాంసకృత్తులు, ఒకటి అటూ ఇటూగా. ఏడో ఊరివి ముప్పై దాటాయి.

నేను నమ్మలేదు. మళ్లీ చేశాను. మళ్లీ ముప్పై దాటింది. మూడోసారి సారు పక్కన నిలబడి చూస్తుండగా చేశాను. అదే అంకె. సారు బ్యూరెట్టు దగ్గరకు వంగి, కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. “మూడుసార్లూ ఒకటే వచ్చిందంటే ఇక అనుమానం ఎందుకమ్మా” అన్నారు. పిల్లలూ, ఒకటి రాసి పెట్టుకోండి. చెడిన నమూనాను మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ ఒకే జవాబు వస్తుంది. మన చేయి ఎంత బాగా కుదిరితే ఆ తప్పు అంత నిజంలా కనబడుతుంది.

అటెండరన్న ఒక్కడే తల గోక్కున్నాడు. “పక్కూరి ఉలవలూ ఇవీ ఒకే ఎర్రమట్టిలోవే గదమ్మా. ఒకే వాన. ఈ ఒక్కూర్లో ఇంత సత్తువ యాడ్నించి వచ్చె?”

“విత్తనం గుణమన్నా” అన్నాను పెద్ద తెలిసినదానిలా.

సారు ఆ సాయంత్రమే జిల్లా అధికారులకు ఫోన్ చేసి చెప్పేశారు. క్యాంటీన్‌లో ఆయన వెనక మాటలు రెండు రోజుల్లో ఆగిపోయాయి. ఒకాయనైతే వచ్చి, “ఏంది సార్, మీ ఉలవలు మాంసాన్ని మించిపోయినాయంట?” అని అడిగాడు. సారు మొహమాటంగా నవ్వారు. ఆ ఒక్క ఊరి విత్తనాన్ని కొని, పెంచి, జిల్లా అంతా పంచాలని మాటలు మొదలయ్యాయి. సారు మొహంలో నవ్వు చూస్తుంటే అది నేను తెచ్చిపెట్టినట్టుగా నాకు గర్వంగా ఉండేది.

సమావేశం సోమవారం. శనివారం పొద్దున నేను ల్యాబుకు వచ్చేసరికి అటెండరన్న గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

“అమ్మా, ఒకసారి ఈడికి రా.”

ముందురోజు సాయంత్రం డబ్బాలో మిగిలిన ఏడో ఊరి ఉలవల్లోంచి ఒక శేరు తీసి నానబెట్టాడట. సారుకు మంచి పేరొచ్చింది, అందరికీ గుగ్గిళ్లు చేసి పెడదామని. వెనక గదిలో గిన్నె మీద మూత తీశాడు. ఘాటు నా ముక్కులోంచి నేరుగా తలకెక్కింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“గుర్రాల కొట్టం కంపు కొడతాండాదమ్మా. పుట్టినప్పట్నించి ఉలవలు తింటాండా, ఇట్లాంటివి యాడా సూళ్లేదు.”

అది అమ్మోనియా వాసన. ల్యాబులో రోజూ పీల్చే వాసనే. గిన్నెలో ఎందుకు వచ్చిందో ఒక్క క్షణం తెలియలేదు. ఎర్ర లిట్మస్ కాగితం ముక్కను ఆ నీళ్లలో ముంచాను. చటుక్కున నీలంగా మారింది. అప్పుడు నాకు కంప మీది సంచి కళ్లకు కట్టింది.

“అన్నా, ఈ ఉలవలు వచ్చిన సంచి యాడ పెడితివి?”

“పెరట్లో కొళాయి కాడ, కాళ్లు తుడుచుకునేకి యేసినా.”

పరుగెత్తుకెళ్లి తీశాను. తడిసి మట్టి కొట్టుకుపోయినా అడుగున కుట్టు విప్పితే, మూలల్లో గడ్డకట్టిన యూరియా ఇంకా ఉంది. దులిపితే రాలేది కాదు అది. వానకు కరిగి, గింజల్లోకి ఇంకింది. మిద్దె మీద నేనే ఎండబెట్టి లోపలే ఉంచేశాను. యూరియా నిండా నత్రజనే. మా పరీక్షకు మాంసకృత్తుల నత్రజనికీ ఎరువు నత్రజనికీ తేడా తెలియదు. నేను మూడుసార్లు అంత జాగ్రత్తగా కొలిచింది ఎరువుని.

స్టూలు మీద కూలబడ్డాను. సారు ఊళ్లో లేరు. సమావేశం కాగితాలు టైపు చేయించడానికి పొద్దున్నే అనంతపురం వెళ్లారు, మూడింటికి వస్తారు. అటెండరన్న నా మొహం చూసి, సంచి చూసి, గిన్నె చూసి, మొత్తం అర్థం చేసుకున్నాడు.

“అమ్మా, ఎవురికీ తెల్దు. ఈ నీళ్లు పారబోస్తా. డబ్బాలో ఉండేవి గుంత తీసి పూడుస్తా. సారుకు పేరొచ్చింది, నీకూ వచ్చింది. ఇయ్యాలో రేపో మళ్లా ఎవురు కొలుస్తారు?”

ఆయన చెడ్డవాడు కాదు. నా ఉద్యోగం పోతుందని భయపడ్డాడు. నేను వెంటనే కాదనలేదు. ఇది రాయకపోతే ఈ జ్ఞాపకానికి అర్థం లేదు కాబట్టి రాస్తున్నాను. పదకొండింటి నుంచి మూడింటి దాకా నేను ఆ స్టూలు మీదే కూర్చుని ఆలోచించాను. చెబితే మెమో, సస్పెన్షన్ కూడా కావచ్చు. మా ఆయనది ప్రైవేటు కంపెనీలో చిన్న పని, అత్తమ్మ మందులూ ఇల్లూ నా జీతం మీదే. చెప్పకపోతే ఏమవుతుంది? ఆ ఊరి విత్తనం జిల్లా అంతా పంచుతారు. అదీ ఉలవే, మొలుస్తుంది, పండుతుంది. ఎవరికీ హాని లేదు. అంతవరకూ నన్ను నేను బాగానే ఒప్పించుకున్నాను.

కానీ పిల్లల కేంద్రాల్లో కొలత ఆ అంకెను బట్టే వేస్తారు. ముప్పై ఉందనుకుంటే పిడికెడు చోట ముప్పావు పిడికెడు చాలంటారు. ఆ తగ్గిన గింజలు ఏ పిల్ల కంచంలోంచి తగ్గుతాయి? ఇంకోటి, రేపు ఎవరైనా మళ్లీ పరీక్ష చేసి మామూలు అంకె చూస్తే, మోసం చేసిందని ఎవర్ని అంటారు? నన్ను కాదు. చీర పేలిక ఇస్తానన్న ఆమెను.

సారు మూడింటికి వచ్చారు. చంకలో టైపు కాగితాల కట్ట, చేతిలో మైసూరుపాకు పొట్లం. నేను లేచి నిలబడి, వాక్యం తర్వాత వాక్యంగా చెప్పేశాను. సంచి, బస్సు, వాన, మిద్దె, గిన్నె. మధ్యలో ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని భయం.

సారు కాగితాల కట్ట బల్ల మీద పెట్టారు. వెనక గదిలోకి వెళ్లి గిన్నె మూత తీసి వాసన చూసి వచ్చారు.

“ఉలవలో యూరియాను విరగ్గొట్టే గుణం ఉందమ్మా” అన్నారు, క్లాసులో చెబుతున్నట్టు. “నానితే చాలు, అమ్మోనియా చేసేస్తుంది. చూశారా, గింజ నిజం చెప్పేసింది. మనకే వినబడలేదు.”

“సార్, తప్పు నాది. మీరు ఫోన్‌లో కూడా చెప్పేసినారు...”

“అది నా తప్పు. సరిచూసుకోకుండా ఫోన్ చేసింది మీరు కాదు కదా.” కళ్లద్దాలు తీసి కళ్లు నలుపుకున్నారు. “ఆ అంకె తప్పని తెలిసింది. సరైనదేమిటో ఇంకా తెలియదు. రేపు ఆదివారం. ఆ ఊరికి బస్సుందా?”

“పొద్దున ఆరింటికి ఉరవకొండలో ఉండాది సార్.”

“వెళ్లి రండి. మధ్యాహ్నానికి నేనిక్కడే ఉంటాను.”

ఇంటికి వెళ్లి అన్నం ముట్టలేదు. అత్తమ్మ అడిగితే ఒక తెల్లపంచె పాతది ఇమ్మన్నాను. ఏమీ అడక్కుండా దాన్ని చింపి, కూర్చుని రెండు సంచులు కుట్టి ఇచ్చింది.

మర్నాడు పొద్దున ఆ ఇంటి ముందు నన్ను చూసి ఆ రైతక్క ఆశ్చర్యపోయింది. జరిగింది చెప్పాను. ఆమె నడుం మీద చేతులు పెట్టుకుంది.

“నేను చెప్తినా లేదా? ఎరువు సంచి అంటి, పేలిక ఇస్తా అంటి! ఏమీ కాదులే అక్కా అంటివి!”

“అంటినక్కా. బుద్ధి లేక అంటిని.”

“మరి మా ఉలవలు యూరియా ఉలవలని రాసినారా కాగితాల్లో?”

“లేదక్కా. రాయకుండా ఉండేకే వచ్చినా.”

ఆమె నడుం మీది చేతులు తీసేసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ అరుగు మీద కూర్చుంది. “ఓయమ్మా! ఎరువును తూకం యేసి, మా ఉలవలు బలమంటిరా! ఇన్ని సదువులు సదివి!” ఆ నవ్వు చూసి నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ముందురోజు పొద్దుటి నుంచి నేను నవ్వింది అప్పుడే.

బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. ఆకలి అని నేను అనకముందే సంగటి ముద్ద, ఉలవల పులుసు పెట్టింది. నేను ఇన్ని రోజులూ యాసిడ్‌లో మరిగించిన గింజను ఆ వారంలో మొదటిసారి నోట్లో పెట్టుకున్నాను. వాళ్లింట్లో పిల్లలకు ఎలా పెడతారని అడిగాను.

“వట్టిగా ఉడకేసి పెడితే చిన్నపిల్లోల్లకు కడుపు నొస్తాది. రేత్రి నానేసి, ఆ నీళ్లు వంపేయల్ల. గుడ్డలో మూట గడితే మర్నాటికి మొలకొస్తాది. దాన్ని ఆరబెట్టి దోరగా యేయించి, రాగులతో కలిపి పిండి ఇసిరితే, గంజి కాసినా దిగుతాది, ముద్ద చేసినా దిగుతాది. నేను నలుగుర్ని అట్లనే సాకితిని.”

ఆమె చెప్పినదాంట్లో మా పుస్తకాల్లో లేనిది ఏదీ లేదు. ఉలవలో ఇనుమూ సున్నమూ దండిగా ఉన్నాయి, కొవ్వు బహు తక్కువ. కానీ పచ్చి గింజలో మాంసకృత్తుల అరుగుదలను అడ్డుకునే పదార్థాలూ ఉంటాయి. నానబెడితే, మొలక కడితే, వేయిస్తే అవి తగ్గుతాయి. ఉలవలో కొదవైన మాంసకృత్తుల భాగాన్ని రాగులు భర్తీ చేస్తాయి. మేం నాలుగు పేజీల్లో రాసేదాన్ని ఆమె సంగటి కలుపుతూ చెప్పేసింది. నేను అదంతా బస్సు టికెట్టు వెనకా, చాలక నా అరచేతి మీదా రాసుకున్నాను.

ఈసారి గుడ్డ సంచిని ఒడిలో పెట్టుకుని వచ్చాను. ఒంటిగంటకు ల్యాబు చేరేసరికి సారు, అటెండరన్న ఇద్దరూ ఉన్నారు. అన్న గాజుసామాను రెండుసార్లు కడిగి ఆరబెట్టాడు. గింజలు విసిరి యాసిడ్‌లో వేశాం. పొడి నల్లబడి, తర్వాత తేటపడే దాకా ముగ్గురం స్టౌ దగ్గరే కూర్చున్నాం. సారు పాత పేపరు చదువుతున్నట్టు పట్టుకున్నారు, పేజీ మాత్రం తిప్పలేదు.

నా భయం వేరే ఉంది. నమూనాలు తెచ్చే దారిలో ఒక్క సంచి దగ్గర నేను అజాగ్రత్తగా ఉన్నానంటే, మిగతా ఆరింటి దగ్గర ఉండలేదని ఏం నమ్మకం? ఈసారి ఏ పద్దెనిమిదో వస్తే, ఆ ఆరు అంకెల్ని మాత్రం ఎవరు నమ్ముతారు? చీకటి పడబోతుండగా చివరి చుక్కలు వేశాం. ఈసారి బ్యూరెట్టు సారు తనే పట్టుకున్నారు.

“ఇంగ రెండు చుక్కలు” అన్నాడు అన్న.

రెండు చుక్కలకే రంగు తిరిగింది. లెక్క నేనే కట్టాను. ఇరవై రెండు, కొంచెం పైన. మిగతా ఆరు ఊళ్ల ఉలవల్లాగే, పుస్తకంలో ఉలవల్లాగే, ఎవరింటి కడవలో ఉలవల్లాగైనా.

సారు కుర్చీలో వెనక్కి వాలారు. “ఇంత మామూలు అంకె చూసి ఇంత సంతోషించడం నా సర్వీసులో ఇదే మొదలమ్మా” అన్నారు. అటెండరన్న నిన్నటి మైసూరుపాకు పొట్లం విప్పాడు. ముగ్గురం నిలబడే తిన్నాం.

సోమవారం సమావేశానికి సారు నన్ను కూడా రమ్మన్నారు. జిల్లా ఆఫీసులో పొడుగాటి బల్ల, చుట్టూ అధికారులు. నేను గోడ పక్కన కుర్చీలో కూర్చున్నాను. సారు వంతు వచ్చింది. లేచి నిలబడి, ఉపోద్ఘాతం లేకుండా చెప్పారు. “నేను ఫోన్‌లో చెప్పిన అంకె తప్పు. నమూనాలో యూరియా కలిసింది. మా ల్యాబులోనే జరిగిన పొరపాటు. నిన్న మళ్లీ పరీక్ష చేశాం. ఆ ఊరి ఉలవలూ మిగతా ఊళ్ల ఉలవలూ ఒకటే.”

గదిలో ఎవరో కిసుక్కున నవ్వారు. విత్తనాలు చూసే అధికారి ఒకాయన, “అంటే ఇన్నాళ్లూ మీరు చెప్పిన అద్భుతం ఏమీ లేదంటారు” అన్నాడు.

“లేదండీ” అన్నారు సారు.

నేను తల వంచుకున్నాను. అప్పుడు బల్లకు అవతలి వైపునుంచి పిల్లల కేంద్రాలు చూసే మేడమ్ గొంతు వినబడింది. “ఒక్క నిమిషం. ఏ ఊరి ఉలవలైనా ఒకటేనా?”

“ఒకటే మేడమ్. ఏడు ఊళ్లూ చూశాం.”

“కందిపప్పుతో పోలిస్తే?”

“మాంసకృత్తుల్లో దాదాపు సమానం. ఇనుము, సున్నం ఇందులోనే ఎక్కువ.”

“మరి నాక్కావాల్సింది అదే కదండీ!” ఆమె చేతిలో పెన్ను బల్ల మీద పెట్టేసింది. “ఆ ఒక్క ఊళ్లో ఎన్ని బస్తాలుంటాయి? వాటితో ఇన్ని కేంద్రాలకు ఎలా పెట్టాలి, విత్తనం పెంచి వచ్చేసరికి ఎన్నేళ్లవుతుంది అని నాలుగు రోజులుగా తల పట్టుకుని కూర్చున్నాను. ఏ ఊరి ఉలవలు ఆ ఊరి పిల్లలకే పెట్టచ్చంటే రేపే మొదలుపెట్టచ్చు. పిల్లలు తింటారా? అరుగుతుందా?”

సారు నా వైపు తిరిగారు. “మా టెక్నీషియన్ చెబుతారు.”

లేచాను. రాసుకొచ్చిన పుస్తకం మాటలన్నీ ఎగిరిపోయాయి. “రేత్రి నానేసి నీళ్లు వంపేయల్ల మేడమ్” అని మొదలుపెట్టాను, అచ్చం ఆ అక్క చెప్పినట్టే, అదే యాసలో. మూట కట్టడం, మొలక, వేయించడం, రాగులతో విసరడం. నవ్విన వాళ్లు ఇప్పుడు నవ్వలేదు. ఆ గదిలో సగం మంది అదే తిండి తిని పెరిగినవాళ్లు. మేడమ్ చివరిదాకా రాసుకుంది. “ఇది ఎవరు చెప్పారు మీకు?” అంది. “ఆ ఉలవలు పండించినామె మేడమ్” అన్నాను.

ముందు రెండు మండలాల్లో, వారానికి రెండు రోజులు పెట్టి చూడాలని తీర్మానం చేశారు. గొప్ప విజయమేమీ కాదు. ఆ తర్వాత అది కొన్నిచోట్ల నిలిచింది, కొన్నిచోట్ల అధికారి మారగానే ఆగింది. కానీ ఆ రోజు మెట్లు దిగుతుంటే నా కాళ్ల కింద నేల గట్టిగా తగిలినట్టు అనిపించింది.

మంగళవారం పొద్దున సారు నన్ను గదిలోకి పిలిచారు. బల్ల మీద రెండు మెమోలున్నాయి. ఒకటి నాకు, నమూనా సేకరణలో అజాగ్రత్తకు సంజాయిషీ ఇవ్వమని. రెండోది ఆయన తనకు తానే రాసుకుని, పై అధికారికి పంపుతున్నది, ధ్రువపరచుకోకుండా ఫలితం చెప్పినందుకు.

“తప్పు ఫైల్లో ఉండాలమ్మా. లేకపోతే మన తర్వాత వచ్చేవాళ్లు మళ్లీ అదే సంచి పట్టుకొస్తారు” అన్నారు.

సంజాయిషీ ఎన్నో విధాలుగా రాయవచ్చు. నేను ఒక్క వాక్యం రాశాను. ‘బస్సు తప్పిపోతుందన్న తొందరలో, వద్దని చెప్పినా వినక, ఎరువు సంచిలో నమూనా తెచ్చాను.’ సారు చదివి, కింద ‘సంజాయిషీ సంతృప్తికరం’ అని రాసి సంతకం పెట్టారు. ఇంటికి వెళ్లి విశ్రాంతి తీసుకోమని సగం రోజు సెలవు కూడా ఇచ్చారు.

మీ సర్వీసులోనూ ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. రాకూడదని దీవించను, ఎందుకంటే వస్తుంది. వచ్చినప్పుడు, పదకొండు నుంచి మూడు దాకా స్టూలు మీద కూర్చోండి, తప్పు లేదు. మూడింటికి మాత్రం లేవండి.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి చాప పరుచుకుని పడుకున్నాను. పట్టపగలు అంత ఒళ్లు తెలియని నిద్ర నాకు ముందెప్పుడూ పట్టలేదు. పొద్దు వాలుతుండగా అత్తమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

“ఏమే, ఒళ్లు బాగలేదా?”

“బాగుండాది అత్తా. ఆపీసులో మెమో ఇచ్చినారు” అని, అటు తిరిగి మళ్లీ పడుకున్నాను.